ఆకాశమార్గమున దూరము, కాలము

నల్లమాడ మెట్టపొలముల నడుమ, చిన్న చిన్న గుట్టల నడుమ వెలసిన ఊరు. 2022 వరకు అది అనంతపురము జిల్లాలో చేరియుండెను; ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. అచ్చటి రైతు వేరుసెనగ విత్తి వానకొరకు ఆకాశమువంక చూచుచుండును. అట్లు చూచువానికి అప్పుడప్పుడు మేఘమునకు బదులు ఒక విమానము కనబడును. అది ఉత్తరమునకో దక్షిణమునకో పోవుచు, ధ్వని చెవిని సోకునప్పటికే చాల దూరము దాటిపోవును.

ఆ ప్రాంతపు పెద్దలను పూర్వము "కదిరి ఎంత దూరము?" అని అడిగినచో, వారు మైళ్ళలో చెప్పెడివారు కారు. "తెల్లవారుజామున బండి కడితే మధ్యాహ్నానికి చేరతావు నాయనా" అనెడివారు. దూరము అడిగినవానికి కాలము చెప్పుట అన్నమాట. ఇది తెలియనితనము కాదు. బాటసారికి కావలసినది మైళ్ళ సంఖ్య కాదు. ఎద్దులకు ఎప్పుడు మేత వేయవలెను, చద్దిమూట ఎన్ని పూటలకు కట్టుకొనవలెను అన్నదే. నేడు విమానప్రయాణము చేయువాడును అదే ప్రశ్న వేయును, అదే జవాబు పొందును. "హైదరాబాదు ఎంత దూరము?" అనిన "గంటంబావు" అని చెప్పుదురు. అయితే ఆ గంటంబావు ఎట్లు వచ్చినదో చెప్పుట, ఎద్దుబండి లెక్క చెప్పినంత సులభము కాదు.

ముందుగా దూరము సంగతి చూతము. బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్ళి వద్ద 13 డిగ్రీల 12 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 77 డిగ్రీల 42 నిమిషముల తూర్పు రేఖాంశమునను కలదు. హైదరాబాదు విమానాశ్రయము శంషాబాదు వద్ద 17 డిగ్రీల 14 నిమిషముల అక్షాంశమునను, 78 డిగ్రీల 26 నిమిషముల రేఖాంశమునను కలదు. ఇచ్చట నిమిషమనగా గడియారపు నిమిషము కాదు; డిగ్రీలో అరువదవ భాగము. ఉత్తర దక్షిణములుగా ఒక నిమిషమునకు సరిపడు దూరమునే నావికులు ఒక నావికమైలు అనిరి. అది 1,852 మీటర్లు. సముద్రముమీద పుట్టిన ఈ కొలతను వైమానికులు కూడ స్వీకరించిరి. గంటకు ఒక నావికమైలు వేగమును 'నాట్' అందురు.

రెండు విమానాశ్రయముల అక్షాంశముల భేదము 4 డిగ్రీల 2 నిమిషములు, అనగా 242 నిమిషములు. కావున ఉత్తర దక్షిణములుగా వాని నడిమి దూరము 242 నావికమైళ్ళు. రేఖాంశముల భేదము 44 నిమిషములు. కాని రేఖాంశములు ధ్రువములవైపు పోవుకొలది ఒకదానికొకటి దగ్గరగు చుండును గనుక, ఈ తావున ఆ భేదము సుమారు 42 నావికమైళ్ళు మాత్రమే అగును. లంబకోణ త్రిభుజమున కర్ణమును కనుగొను పద్ధతి ఎనిమిదవ తరగతివారికి తెలిసినదే. 242 వర్గమునకు 42 వర్గమును కూడి, వర్గమూలమును తీసినచో సుమారు 246 వచ్చును. దానిని కిలోమీటర్లలోనికి మార్చినచో 455. అట్లసు, ఒక కాగితము, ఒక పెన్సిలు ఉన్నచో ఏ విద్యార్థియైనను ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును.

ఇప్పుడు పటము తెరచి ఆ రెండు తావులను ఒక గీతతో కలిపినచో వింతయైన సంగతి కనబడును. ఆ గీత బాగేపల్లిమీదుగా వచ్చి, పుట్టపర్తికి తూర్పుగాను, నల్లమాడకు పడమరగాను, రెంటినడుమ దూరి, తాడిపత్రి పరిసరములలో పెన్నను దాటి, కర్నూలుకు తూర్పుగా కృష్ణవైపు సాగును. గాలివాన వచ్చినను, ఆకాశమున ఇతర విమానముల రద్దీ కలిగినను విమానములు ఈ గీతనుండి తొలగి పోవుచుండును. ఐనను నల్లమాడ రైతు తలపైని ధ్వని ఎక్కడిదో ఆ గీత చెప్పకయే చెప్పుచున్నది.

ఇంత సులభముగా కాగితముమీద తేలిన ఈ దూరమును మొదట కొలిచినవారు కాలినడకన కొలిచిరి. విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి 1802లో మద్రాసు వద్ద సెయింటు థామసు కొండ చెంత తన సర్వేను ప్రారంభించెను. 1804లో బెంగుళూరు వద్దను, 1811లో గుత్తి వద్దను ఆధారరేఖలను నేలమీద నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిపించెను. ఆ రేఖలనుండి కొండశిఖరములకు చూపు సారించి, కోణములు కొలిచి, త్రిభుజముపై త్రిభుజము అల్లుచు ఉత్తరమునకు సాగెను. ఆతని కోణమాన యంత్రము అర టన్ను బరువుండెడిది. దానిని గుట్టలమీదికి మనుష్యులే మోసికొని పోవలసివచ్చెను. ఆ మహాచాపము 78వ డిగ్రీ రేఖాంశము వెంబడి నడచినది. ఆ రేఖాంశము పుట్టపర్తికి తూర్పున, కదిరికి పడమట, నల్లమాడ పరిసరములగుండా పోవుచున్నది. లాంబ్టన్ ఆ పని ముగియకుండగనే 1823లో హింగన్‌ఘాట్ వద్ద మరణించెను. తరువాత జార్జి ఎవరెస్టు దానిని హిమాలయపాదము వరకు కొనిపోయెను. ఒక డిగ్రీకి నేలమీద ఎన్ని గజములో తెలియుటకు ఇన్ని సంవత్సరముల నడక పట్టినది. నేటి విమానము అట్టి డిగ్రీని ఎనిమిది తొమ్మిది నిమిషములలో దాటుచున్నది.

ఈ ప్రాంతపు ఆకాశము విమానమునకు కొత్త కాదు. భారతదేశమున టాటావారి టపా విమానము మొదటిసారి ఎగిరినది 1932 అక్టోబరు 15వ తేదీన. కరాచీనుండి అహమ్మదాబాదుమీదుగా బొంబాయివరకు దానిని జె.ఆర్.డి. టాటా స్వయముగా నడిపెను. బొంబాయినుండి బళ్ళారిమీదుగా మద్రాసునకు నెవిల్ వింట్సెంట్ నడిపెను. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండియే విడివడినది. బళ్ళారినుండి మద్రాసునకు సూటిగా గీత గీచినచో అది అనంతపురము జిల్లాను అడ్డముగా కోసికొని, నల్లమాడకు కొంత ఉత్తరముగా పోవును. ఆ దూరము సుమారు 425 కిలోమీటర్లు. ఆ చిన్న 'పస్‌మాత్' విమానము గంటకు సుమారు 160 కిలోమీటర్లు పోయెడిది. రెండుగంటల నలుబది నిమిషముల ప్రయాణమన్నమాట. క్రింద బండ్లబాటలో ఎద్దుబండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడచు దినములవి. కరాచీలో బయలుదేరిన ఆ మొదటి విమానములో మనుష్యులు ఎక్కలేదు. ఇరువదియైదు కిలోల ఉత్తరములు మాత్రమే ఎక్కినవి.

1945లో హైదరాబాదున దక్కను ఎయిర్‌వేస్ సంస్థ ఏర్పడెను. బేగంపేట విమానాశ్రయము దాని నెలవు. డకోటాలు దాని విమానములు. 1953లో దేశమందలి విమానసంస్థలు జాతీయము చేయబడినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. డకోటా గంటకు సుమారు 270 కిలోమీటర్ల చొప్పున పోవును. ఆ వేగమున బేగంపేటనుండి బెంగుళూరులోని పాత విమానాశ్రయము చేరుటకు రెండు గంటలకు కొంచెము తక్కువ పట్టును. అయితే ఈ లెక్కలో 455 కిలోమీటర్లు వేసిన తప్పగును. పాత విమానాశ్రయముల నడిమి దూరము సుమారు 505 కిలోమీటర్లు.

తక్కిన యేబది కిలోమీటర్లు ఏమైనవి? హైదరాబాదు గాని బెంగుళూరు గాని కదలలేదు. కదలినవి విమానాశ్రయములు. 2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయము ఊరి నడుమనున్న బేగంపేటనుండి దక్షిణముగా శంషాబాదునకు మారెను. అదే సంవత్సరము మేనెలలో బెంగుళూరు విమానాశ్రయము పాత తావునుండి ఉత్తరముగా దేవనహళ్ళికి మారెను. ఉత్తరముననున్నది దక్షిణమునకు, దక్షిణముననున్నది ఉత్తరమునకు జరుగుటచేత రెండును ఎదురెదురుగా నడచివచ్చినట్లు దగ్గరైనవి. ఆకాశమున దూరము తగ్గినది, నేలమీద పెరిగినది. సికింద్రాబాదునందలి తన ఇంటినుండి బెంగుళూరు నగరమందలి బంధువుల ఇంటికి పోవువాడు ఆకాశమున మిగిలించుకొన్న నాలుగైదు నిమిషములకు బదులు, ఆ కొసన ఈ కొసన కారులోనో బస్సులోనో గంటకుపైగా చెల్లించుకొనవలసి వచ్చినది. రెండు విమానాశ్రయముల నడిమి దూరము వేరు, రెండు ఇండ్ల నడిమి దూరము వేరు.

ఇక కాలము సంగతి. నేటి జెట్ విమానము ఎత్తున గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోవును. 455 కిలోమీటర్లను 800చేత భాగించినచో 34 నిమిషములు వచ్చును. కాని కాలపట్టికలో గంట పది, గంట పదిహేను నిమిషములని వ్రాయబడియుండును. ఇది సంస్థలవారి బద్ధకము కాదు. చక్రములకు అడ్డుపెట్టిన దిమ్మెలను తీసిన క్షణమునుండి, అవతలి కొసన మరల దిమ్మెలను పెట్టు క్షణమువరకు గల కాలమునే వారు ప్రయాణకాలముగా లెక్కింతురు. విమానము మెల్లగా పరుగుబాట కొసవరకు పోవుట, తన వంతుకు నిలిచియుండుట, దిగిన తరువాత తన చోటు చేరుట అన్నియు అందులో చేరినవి. మఱియొక కారణము కూడ కలదు. గంటకు 800 కిలోమీటర్ల వేగము ఎత్తునందే గాని నేలచెంత లేదు. ఇంత చిన్న ప్రయాణమున విమానము ఎక్కుటకే కొంత, దిగుటకే కొంత సరిపోవును. సమతలముగా పోవు భాగము మిక్కిలి కొంచెము.

దిగుటకు వైమానికులు ఒక మోటు లెక్క వాడుదురు: ప్రతి వేయి అడుగులు దిగుటకు మూడు నావికమైళ్ళు ముందుకు పోవలెను. హైదరాబాదునుండి వచ్చు విమానము 33,000 అడుగుల ఎత్తున ఉన్నదనుకొందము. అది దిగుటకు 99 నావికమైళ్ళు, అనగా 183 కిలోమీటర్లు కావలెను. ఆ గీతమీద బెంగుళూరునుండి వెనుకకు 183 కిలోమీటర్లు లెక్కించినచో తాడిపత్రి పరిసరములు వచ్చును. అనగా పెన్న దాటుచుండగనే విమానము బెంగుళూరులో దిగుటకు మొదలిడవలెను. నల్లమాడ ప్రక్కకు వచ్చునప్పటికి అది సుమారు 21,000 అడుగులకు దిగియుండును. ఉత్తరమునకు పోవు విమానము అదే చోట ఇంకను పైకెక్కుచుండును. పొలములోని పిల్లవానికి రెండును ఒకే తీరుగా తోచును గాని, ఒకటి తన ప్రయాణమును ముగించుచున్నది, మఱియొకటి ఆరంభించుచున్నది.

దూరప్రయాణములలో మఱి రెండు చిక్కులు కలవు. మొదటిది భూమి గుండ్రనిదగుట. బెంగుళూరునుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు గోడపటముమీద గీత గీచినచో పసిఫిక్ సముద్రముమీదుగా పోయినట్లుండును. గోళముమీద ఆ రెండు తావులను దారముతో బిగించి చూచినచో దారము ఉత్తరధ్రువపు చెంతకు ఎక్కును. రెండు నగరముల రేఖాంశముల భేదము ఇంచుమించు 160 డిగ్రీలు. అనగా అవి ధ్రువమునకు ఇటొకటి, అటొకటి ఉన్నట్లు. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానమొకటి ఈ ధ్రువమార్గముననే బెంగుళూరు చేరెను. దానిని నడిపినవారు అందరును స్త్రీలే. జోయా అగర్వాల్ ప్రధాన వైమానికురాలు. పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఆమెతో పాటు నడిపిరి. దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. పట్టిన కాలము సుమారు 17 గంటలు. వారు బెంగుళూరున దిగినప్పుడు తేదీ జనవరి 11. తేదీలను మాత్రమే చూచినవారు రెండు దినములు పట్టెననుకొందురు. శీతకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో గడియారముకంటె మన గడియారము పదమూడున్నర గంటలు ముందుండును. కాకినాడ చెంతగా పోవు 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి మన దేశమంతటికిని కాలము నిర్ణయింపబడినది. చేరిన వేళలోనుండి బయలుదేరిన వేళను తీసివేయుటకు ముందు రెంటిని ఒకే ఊరి గడియారములోనికి మార్చుకొనవలెను.

రెండవ చిక్కు గాలి. విమానము తన వేగమును గాలిలో పొందును గాని నేలమీద కాదు. వెనుకనుండి గంటకు 100 కిలోమీటర్ల గాలి వీచినచో 800 కాస్తా 900 అగును. ఎదురుగా వీచినచో 700 అగును. అందుచేత ఒకే మార్గమున పోవుటకును వచ్చుటకును పట్టు కాలము వేరువేరుగా ఉండును. పడవవాడు ఏటివాలును, ఏటికెదురును ఎరిగియుండినట్లే వైమానికుడు గాలిని ఎరిగియుండవలెను.

ఈ లెక్కలన్నియు ప్రయాణికుడు చేయనక్కరలేదు. వైమానికుడు చేయక తప్పదు. ఏలయన కాలమును బట్టియే ఇంధనము. 1983 జులై 23వ తేదీన కెనడా దేశమున ఒక పెద్ద జెట్ విమానము మాంట్రియల్‌నుండి ఎడ్మంటన్‌కు బయలుదేరెను. ఇంధనము కొలుచు సాధనము చెడిపోయియుండుటచే, తొట్లలో ఎంత ఉన్నదో చేతితో లెక్కించిరి. ఆ దేశము అప్పుడే పౌనులనుండి కిలోగ్రాములకు మారుచుండెను. ఆ విమానమునకు 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలెను. లీటరును కిలోగ్రాములలోనికి మార్చుటకు 0.8 అను సంఖ్యతో హెచ్చవేయవలసియుండగా, పౌనులకు వాడు 1.77 అను సంఖ్యతో హెచ్చవేసిరి. అందుచేత కావలసినదానిలో సగమునకు తక్కువ ఇంధనముతో విమానము ఎగిరెను. 41,000 అడుగుల ఎత్తున, సగము దారిలో, ఒకదాని తరువాత ఒకటిగా రెండు యంత్రములును ఆగిపోయినవి. నడుపుచున్న రాబర్టు పియర్సన్‌కు యంత్రములేని గ్లైడరులు నడిపిన అలవాటుండెను. ప్రక్కనున్న మారిస్ క్వింటాల్‌కు గిమ్లీ అనుచోట పాత వైమానికదళపు పరుగుబాట ఉన్నదని జ్ఞప్తికి వచ్చెను. వారెరుగనిది, అది అప్పటికి కార్ల పందెములకు వాడబడుచున్నదని. ఆ దినమున అక్కడ కుటుంబములతో జనము గుమిగూడియుండిరి. చప్పుడు లేకుండ వచ్చిన ఆ విమానము ముందుచక్రము విరిగి, ముక్కు నేలను రాచుకొనుచు నిలిచెను. అందులోని 69 మందియు బ్రతికిరి. క్రింద ఉన్నవారిలో ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. బడిలో లెక్కలోని ప్రమాణములను వ్రాయుట మరచి మార్కులు పోగొట్టుకొన్న పిల్లలు ఈ కథను ఒకసారి తలచుకొనవచ్చును.

అందుకే విమానమునకు దారికి సరిపడు ఇంధనము పోసి పంపరు. దేవనహళ్ళి ఎత్తైన మైదానము. శీతకాలపు తెల్లవారుజామున అచ్చట మంచు కమ్మి పరుగుబాట కనబడక పోవుట కలదు. అప్పుడు హైదరాబాదునుండి వచ్చిన విమానము గాలిలో చుట్లు తిరుగుచు వేచియుండవలెను. లేదా 270 కిలోమీటర్ల దూరమునగల చెన్నైకి పోయి దిగవలెను. ఆ చుట్లకును, ఆ చెన్నైకిని, అటుపై మరి అరగంటకును చాలునంత ఇంధనము ఉండితీరవలెను. 455 కిలోమీటర్ల ప్రయాణమున వైమానికుని కాగితముమీద ఎన్నడును పోనక్కరలేని ఊరి దూరము కూడ వ్రాయబడియుండును.

నల్లమాడకు మిక్కిలి సమీపమున ఉన్న విమానాశ్రయము పుట్టపర్తి. దానిని 1990లో ప్రారంభించిరి. దాని పరుగుబాట రెండు కిలోమీటర్లకు మించినది. అచ్చటినుండి దేవనహళ్ళి విమానాశ్రయము సూటిగా 105 కిలోమీటర్లు మాత్రమే. అంత కొద్ది దూరమునకు జెట్ విమానము ఎక్కుట పూర్తికాకముందే దిగుట మొదలిడవలసివచ్చును.

బెంగుళూరులో విమానమెక్కి హైదరాబాదునకు పోదలచిన నల్లమాడవాని ప్రయాణము మఱియు విచిత్రము. అతడు పోవలసినది ఉత్తరమునకు, బయలుదేరవలసినది దక్షిణమునకు. తెల్లవారకముందే ఇల్లు విడిచి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురముల మీదుగా సుమారు మూడు గంటలు రోడ్డుపై పోవలెను. విమానము బయలుదేరుటకు రెండు గంటలు ముందుగనే చేరవలెను. సామాను తూచి, తనిఖీలు ముగిసి, అతడు కిటికీ ప్రక్కన కూర్చుండునప్పటికి ఊరిలో పశువులను మేతకు తోలియుందురు. విమానము ఎగిరి, నేరుదారి దొరికినచో, పావుగంట లోపల బుక్కపట్నము చెరువు ఎడమవైపున తళుక్కుమనును. కుడివైపు కిటికీలోనుండి చూచినచో గుట్టల నడుమ, ఆ ఉదయము తాను తాళము వేసి వచ్చిన ఇల్లున్న ఊరు కనబడును.